చూచిరాత వచ్చు, సొంతంగా రాయడం రాదు: విజయనగరం జిల్లా ప్రాథమిక పాఠశాల నుంచి ఒక కేస్ స్టడీ

నాలుగో తరగతి పిల్లవాడి తెలుగు నోట్‌బుక్ తెరిస్తే పేజీలకు పేజీలు రాసి ఉంటుంది. ప్రశ్నలు, జవాబులు, అర్థాలు, సొంతవాక్యాలు, చివర ఎర్రసిరా టిక్కు. అదే పిల్లవాణ్ణి 'నిన్న సాయంత్రం బడి వదిలాక ఏం చేశావో రాయి' అంటే పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటాడు. ప్రాథమిక పాఠశాలలో పనిచేసేవాళ్ళెవరికీ ఇది కొత్త కాదు. 'సొంతవాక్యాలు' అనే శీర్షిక కింద ఉన్నవి కూడా బోర్డు మీంచి ఎక్కించుకున్నవే అయినప్పుడు, పిల్లలు రోజంతా చేసే రాతపనిలో వాళ్ళ సొంత మాట ఎంత ఉందో ఎవరో ఒకరు చూడాలి. మా బడిలో మేం చూశాం. దాదాపు ఏమీ లేదు.

మా బడి చీపురుపల్లి వైపు ఒక పల్లెలో ఉంది. ఇద్దరు టీచర్లం, ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. మూడు, నాలుగు, ఐదు తరగతుల తెలుగు నేను చూస్తాను. ఊళ్ళో వరి, మొక్కజొన్న, మామిడి తోటల పనులు, ఎండాకాలం ఉపాధి పని. చాలామంది పిల్లల తండ్రులు, కొందరి తల్లులు కూడా, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో బిల్డింగు పనులకు వెళ్తారు. పిల్లలు మామ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉండి చదువుకుంటారు. ఇంట్లో అక్షరం చదవగలిగిన పెద్దలు లేని పిల్లలు క్లాసుకి కనీసం నలుగురైదుగురు ఉంటారు. ఈ సంగతి తర్వాత చాలా అక్కరకొస్తుంది, అందుకే ముందే చెబుతున్నాను.

ఏడాది మొదట్లో మూడు పనులు ఇచ్చాం. వాచకంలోంచి నాలుగు లైన్లు చూసి రాయడం, పది మాటలు చెబితే విని రాయడం, నిన్న సాయంత్రం ఏం చేశారో సొంతంగా రాయడం. చూచిరాత దాదాపు అందరిదీ బాగుంది. విని రాయడంలో 'పలక', 'బడి', 'మామిడి' లాంటివి ఇబ్బంది లేదు, ఒత్తులున్న మాటల దగ్గర సగం మంది ఆగిపోయారు. మూడో పని దగ్గరకొచ్చేసరికి క్లాసంతా నిశ్శబ్దం. కొందరు ఖాళీ కాగితం ఇచ్చారు. కొందరు 'ఆవు సాధు జంతువు. ఆవు పాలు ఇచ్చును' అని కంఠతా వచ్చింది రాశారు. ఐదో తరగతి పాప ఒకామె, క్లాసులో దస్తూరి అందరికంటే బాగుండే పాప, పైన శీర్షిక రెండు రంగులతో రాసి, స్కేలుతో గీత కొట్టి, కింద ఏమీ రాయలేదు.

ఒక్క కాగితం మాత్రం వేరుగా ఉంది. నాలుగో తరగతి పిల్లవాడిది. అక్షరాలు గీత మీద నిలవవు, కొట్టివేతలు, ఒకచోట రబ్బరుకి కాగితం చిరిగింది కూడా. అందులో ఉన్నది ఇది:

'నాను గెడకి ఎలినాను. సేపలు పటినాను. మామ కొటినాది.'

క్లాసులో వెనకబడ్డ పిల్లవాడని అందరూ అనుకునేవాడు. నిజంగా జరిగింది నిజంగా రాసినవాడు మాత్రం ఆ రోజు వాడొక్కడే. మిగతా పనంతా ఈ మూడు వాక్యాల నుంచి మొదలుపెట్టాం.

ఆ మూడు వాక్యాల్లో ఏముంది

పైపైన చూస్తే అన్నీ తప్పులే. కాస్త ఆగి చూస్తే రెండు రకాల సంగతులు కనిపిస్తాయి. 'నాను', 'ఎల్లినాను', 'సేపలు', 'కొట్టినాది' అన్నవి తప్పులు కావు. వాడింట్లో, వీధిలో అందరూ అలాగే అంటారు. తను పలికిన ధ్వనికి సరైన అక్షరమే పెట్టాడు. 'సే' అని పలికి 'సే' అని రాశాడంటే, ధ్వనికీ అక్షరానికీ ఉన్న లంకె వాడికి దొరికిందని అర్థం. రాయడంలో అసలు మెట్టు అదే.

రెండో రకం ఒత్తులు. గెడ్డ (వాగు), ఎల్లినాను, పట్టినాను, మామ్మ, కొట్టినాది. ఐదు మాటల్లో ఐదు ఒత్తులూ లేవు. వాడికి తెలియనిది ఇదొక్కటే. ఎర్రపెన్నుతో పేజీ నిండా సున్నలు చుడితే ఈ తేడా కనపడదు. వాడికీ కనపడదు, మనకూ కనపడదు.

యాసకీ తప్పుకీ తేడా చూడకపోవడం వల్ల మన ఉత్తరాంధ్ర పిల్లలకు జరిగే నష్టం చిన్నది కాదు. నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పగానే 'నాను కాదు, నేను' అని ఆపేస్తే ఆ పిల్లవాడు మళ్ళీ నోరు విప్పడు, కలం అసలే కదపడు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది జనం మాట్లాడే భాషకు రాతలో చోటు ఉండాలనే. సవర గిరిజన పిల్లల కోసం వాళ్ళ భాష నేర్చుకుని, అందులోనే వాచకాలు తయారుచేసిన మనిషి ఆయన. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న ప్రతి బడిలోనూ తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ రోజు పిల్లలు ఎవరో రాసిచ్చిన ఉపన్యాసం అప్పజెప్పడం కంటే, తమ ఇంటి మాటలో రాసుకున్న నాలుగు వాక్యాలు చదవడం నాకు సరైన గౌరవం అనిపిస్తుంది. మా బడిలో ఇప్పుడు అలాగే చేస్తున్నాం.

అలాగని పుస్తక భాష నేర్పకుండా వదిలేశామని కాదు. పిల్లలు మొదట రాసేటప్పుడు ఇంటి మాటను దిద్దం. గోడకు కట్టడానికి మళ్ళీ రాసేటప్పుడు 'పుస్తకంలో దీన్ని ఎలా రాస్తారు?' అని అడుగుతాం. మూడో తరగతి పిల్లలు కూడా ఈ తేడా తేలిగ్గా పట్టుకుంటారు. టీవీ చూస్తారు, వాచకం చదువుతారు, రెండు రకాల తెలుగూ వాళ్ళ చెవిన పడుతూనే ఉంటుంది.

బడిలో చేసింది

ముందు మాట, తర్వాతే రాత. మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు మాట్లాడుకుంటాం. అడిగే ప్రశ్న చిన్నదిగా ఉండాలి. 'వర్షాకాలం గురించి చెప్పండి' అంటే పిల్లలు పుస్తకంలో వాక్యం వెతుక్కుంటారు. 'రాత్రి వాన పడింది కదా, మీ ఇంట్లో ఎక్కడ కారింది? ఏ గిన్నె పెట్టారు?' అంటే క్లాసులో ఒక్కరు కూడా ఊరుకోరు. పక్కవాళ్ళకు చెప్పుకుని, ఇద్దరు ముగ్గురు అందరికీ చెప్పాక, చెప్పిందే రాయమంటాం. నోటితో చెప్పని విషయం మీద పిల్లలచేత ఏదీ రాయించం.

దీనికో వేరే పుస్తకం పెట్టాం. రెండొందల పేజీల నోట్‌బుక్‌ని మధ్యకు కోసి ఇద్దరికి ఇస్తే ఖర్చు పెద్దగా ఉండదు. పిల్లలు దానికి 'నా మాటల పుస్తకం' అని పేరు పెట్టారు. అందులో టిక్కులూ మార్కులూ ఉండవు. పిల్లవాడు రాసినదాని కింద నేనొక ప్రశ్న రాస్తాను. గెడ్డలో చేపలు పట్టినవాడికి 'ఎన్ని చేపలు పడ్డాయి? కూర ఎవరు వండారు?' అని రాశాను. మర్నాడు జవాబు వచ్చింది: 'మూడు. ఒకటి సచిపోనాది. కూర వండనేదు.' అడిగినదానికి జవాబు, దానికి మళ్ళీ ప్రశ్న. ఇలా కాగితం మీద మాట్లాడుకుంటుంటే రాత అన్నది ఎదుటి మనిషి కోసం అని పిల్లలకు విడిగా చెప్పక్కర్లేదు. ఇద్దరు టీచర్లున్న బడిలో రోజూ అందరి పుస్తకాలూ చూడటం అయ్యే పని కాదు. రోజుకి ఐదారు పుస్తకాలు, వంతుల ప్రకారం. వారంలో అందరికీ ఒకసారైనా జవాబు అందుతుంది, అది చాలు.

ఒత్తుల దగ్గర కాస్త ఎక్కువ కాలం ఉన్నాం. వల్లె వేయిస్తే నోటికి వస్తాయి గానీ రాతలోకి రావు. చెవికి అందాలి. 'గడి' అన్నప్పుడూ 'గడ్డి' అన్నప్పుడూ నాలుక ఏం చేస్తోందో చూసుకోమంటే, 'గడ్డి దగ్గర ఆగుతోంది టీచర్' అని పిల్లలే కనిపెట్టారు. ఆగిన చోట చప్పట్లు కొట్టమన్నాం. గుడి–గుడ్డి, కల–కల్ల, గడి–గడ్డి. మన నాలుగో తరగతి పిల్లవాడు తన వాక్యాలు క్లాసులో చదివినప్పుడు, కాగితం చూస్తున్న పక్కవాడు 'మీ మామ కొట్టాడేటి?' అని అడిగాడు. 'మామ కాదురా, మామ్మ!' అని వీడికి కోపం వచ్చింది. 'మరి ఇక్కడ మామ అని ఉంది' అని వాడు వేలు పెట్టి చూపించాడు. ఆ మధ్యాహ్నం మ ఒత్తు నేర్పడానికి నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

చాలా ఒత్తులు అక్షరం ఆకారంలోనే కింద చిన్నగా వస్తాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అక్షరానికి పోలిక లేకుండా ఉంటాయి. పిల్లలు తడబడేది ఎక్కువగా వీటి దగ్గరే కాబట్టి వారానికి ఒకటి చొప్పున వీటినే ముందు పట్టుకున్నాం. మాటలు ఊళ్ళోంచే తెచ్చుకున్నాం. మధ్యాహ్న భోజనం మెనూ బోర్డు మీద రాసే పని పిల్లలకే ఇచ్చేశాం. అన్నం, పప్పు, గుడ్డు, చిక్కీ: ఏ మాటా ఒత్తు లేకుండా లేదు! రోజూ కళ్ళముందు ఉన్నా అప్పటిదాకా మేమూ అటువైపు చూడలేదు. ఒక పాప 'గుడు' అని రాస్తే క్లాసంతా నవ్వి, వాళ్ళే సరిచేశారు.

వారానికి ఒకసారి పిల్లలు తమ పుస్తకంలోంచి తమకు నచ్చిన ఒకటి ఎంచుకుంటారు. పక్కవాళ్ళకు చదివి వినిపిస్తారు. విన్నవాళ్ళు రెండు ప్రశ్నలు అడగాలి. వాటి జవాబులు కలిపి, అక్షరదోషాలు చూసుకుని, తెల్లకాగితం మీద మళ్ళీ రాసి గోడకు కట్టిన తాడుకి తగిలిస్తారు. ప్రతిదీ మళ్ళీ రాయమంటే పిల్లలు రాయడమే మానేస్తారు. తాడు మీదకు వెళ్ళేది ఒక్కటే కాబట్టి ఇష్టంగా రాశారు.

దస్తూరి గురించి ఎక్కువ చెప్పను. రోజుకి ఐదు నిమిషాలు, సరిగ్గా కూర్చోవడం, వేళ్ళలో నిలిచేంత పొడవున్న పెన్సిల్. అరంగుళం ముక్కలతో రాయిస్తూ అక్షరం కుదరలేదని పిల్లల్ని తిట్టడం అన్యాయం. ఒకటి, రెండు తరగతుల్లో బంకమట్టి, ఇసుక, పలక. చేతికి బలం వచ్చాక గుండ్రని తెలుగు అక్షరం దానంతటదే కుదురుతుంది.

బాగా రాసే పాప సంగతి

అందరికంటే కష్టమైన కేసు వెనకబడినవాడిది కాదు, దస్తూరి బాగున్న ఐదో తరగతి పాపది. ఆమెకు తప్పంటే భయం. ప్రతి మాట ముందూ 'ఇది ఎలా రాయాలి టీచర్?' అని అడిగేది. రాస్తే 'మా అమ్మ మంచిది. మా ఊరు అందమైనది' దగ్గర ఆగేది. తప్పు ఒక్కటీ ఉండదు, ఆమె మాట కూడా ఒక్కటీ ఉండదు. చిత్తుపుస్తకంలో రబ్బరు వాడొద్దన్నాం, పెన్ను ఇచ్చాం, 'నువ్వు చెప్పు, నేను రాస్తా' అన్నాం. కొంచెం కదిలింది, మళ్ళీ ఆగిపోయింది.

ధనుర్మాసంలో కదిలింది. ఆ పాప ముగ్గులు బాగా వేస్తుంది. మూడో తరగతి పిల్లలు నేర్పమని వెంటపడుతుంటే 'రాసి ఇవ్వు, వాళ్ళు చదువుకుని వేస్తారు' అన్నాను. 'ఏడు చుక్కలు పెట్టాలి. తర్వాత కలపాలి. పువ్వు వస్తుంది' అని రాసి ఇచ్చింది. వాళ్ళు వరసగా ఏడు చుక్కలు పెట్టి, అన్నీ కలిపి ఒక గీత గీశారు. పాపకి ఏడుపొక్కటే తక్కువ. 'నే అలగ సెప్పానేటి!' అని చుట్టూ తిరిగింది. 'కాగితంలో ఉన్నట్టే వేశాం' అని వాళ్ళు. ఆ సాయంత్రం ఎవరూ అడక్కుండా మళ్ళీ రాసింది. మధ్య వరసలో ఏడు చుక్కలని, పైకీ కిందకీ ఒక్కొక్కటి తగ్గిస్తూ నాలుగు వచ్చేదాకా పెట్టాలని, అవి సందు చుక్కలని, సందు చుక్కంటే ఏమిటో కూడా వివరించి, పక్కన చిన్న బొమ్మ వేసి, అర పేజీ. రెండు మూడు చోట్ల కొట్టివేతలున్నాయి. ఆ పాప నోట్‌బుక్‌లో కొట్టివేత చూడటం అదే మొదలు. తన రాత చదివి ఎవరో పని చేస్తారని తెలిసినప్పుడు అందం కంటే అర్థం మీద మనసు పడింది.

ఇంట్లో

మొదటి పేరెంట్స్ మీటింగులోనే గట్టిగా అడిగారు. 'కాన్వెంటు పిల్లలు రోజుకి నాలుగు పేజీలు రాత్తన్నారు టీచర్, మావోళ్ళకి అర పేజీయేటి?' పేజీలు నిండితే చదువు వస్తున్నట్టు అని వాళ్ళు అనుకోవడంలో తప్పులేదు, మన వ్యవస్థ వాళ్ళకు చూపించింది అదే. వాదించకుండా పిల్లలచేత వాళ్ళ రాతలే చదివించాం. గెడ్డ సంగతి చదివినప్పుడు ఆ మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. 'నాను కొట్టినానని కూడా రాసీసినావేటిరా!' అంది. ఆ తర్వాత పేజీల మాట తగ్గింది. పూర్తిగా పోలేదు, ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు.

ఇంటివాళ్ళను అడిగింది చాలా చిన్నపని. పిల్లవాడు రాసింది చదివితే వినాలి, 'తర్వాతేటైంది?' అని ఒక్కమాట అడగాలి. దీనికి అక్షరం రానక్కర్లేదు. నిజానికి చదువురాని మామ్మలే దీన్ని బాగా చేశారు. చదువుకున్న తల్లిదండ్రులు పుస్తకం లాక్కుని తప్పులు వెతకడం మొదలెడతారు, వాళ్ళను ఆపడమే కష్టమైంది.

రెండోది, ఇంటికి పనికొచ్చే రాత పిల్లలకు అప్పగించడం. కిరాణా కొట్టుకి చీటీ, క్యాలెండర్ మీద పాల లెక్క, అమ్మ ఉపాధి పనికి వెళ్ళిన రోజులు. చీటీలో 'ఉలిపాయలు' అని రాస్తే కొట్టువాడు ఉల్లిపాయలే ఇస్తాడు, అయినా 'ఒత్తేదిరా?' అని అడిగాడట. ఆ ప్రశ్న నేను అడిగినదానికంటే బాగా పనిచేసింది. తండ్రి విశాఖపట్నంలో ఉన్న పిల్లలు రాసిన కాగితాన్ని ఎవరి ఫోనులోనైనా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. తండ్రి వాయిస్ మెసేజ్ పెడతాడు. దాన్ని విని కాగితం మీద పెట్టడం మరో పని. నాన్న గొంతుని ఆపి ఆపి వింటూ రాస్తుంటే, అదే అసలైన శ్రుతలేఖనం.

మూడోది మామ్మల దగ్గరున్న పొడుపుకథలు. 'అమ్మ అంటే కలుస్తాయి, అయ్య అంటే కలవవు' (పెదవులు) లాంటివి పోగుచేసుకు రమ్మంటే, పండగ సెలవుల తర్వాత పుస్తకాలు నిండుగా వచ్చాయి. అమ్మలో మ ఒత్తు, అయ్యలో య ఒత్తు. మాకు అవే కావాలి.

వద్దని చెప్పినవీ ఉన్నాయి. గైడులో జవాబులు ఎక్కించడం, పిల్లల బదులు పెద్దలు రాసివ్వడం, రాయలేదని కొట్టడం, పక్కింటి పిల్లలతో పోల్చడం. శిక్షగా వంద సార్లు రాయించడం బడిలోనూ ఇంట్లోనూ మానాలి. రాతను శిక్షగా వాడితే పిల్లవాడు దాన్ని ప్రేమించడు.

ఏం మారింది, ఏం మారలేదు

మార్చిలో మళ్ళీ అవే మూడు పనులు ఇచ్చాం. చూచిరాత అప్పుడూ బాగానే ఉంది, ఇప్పుడూ అంతే. విని రాయడంలో ఒత్తులు చాలావరకు కుదిరాయి. సొంతంగా రాయడంలో నాలుగు, ఐదు తరగతుల పిల్లల్లో ఎక్కువమంది ఐదారు వాక్యాలు, మూడో తరగతిలో మూడు నాలుగు రాశారు. ఆవు వ్యాసం ఎవరూ రాయలేదు. గెడ్డకి వెళ్ళిన పిల్లవాడు రాసింది ఇది:

'నాను మామ్మ కల్లానికి ఎల్లినాము. మామ్మ సేటతో వడ్లు తూర్పార పట్టినాది. గాలి లేదు. మామ్మ ఆగినాది. అప్పుడు గాలి వచినాది. నా కంట్లో ఊక పడ్డాది. మామ్మ నాలికతో తీసినాది.'

ఒత్తు పోయింది 'వచినాది'లో ఒక్కచోటే. 'కళ్ళం' వాడి నోట 'కల్లం', కాబట్టి అలాగే రాశాడు. 'కంట్లో' అన్న మాట ఎవరూ చెప్పకుండా సరిగ్గా రాశాడు. గాలి లేకపోవడం, ఆగడం, గాలి రావడం, కంట్లో పడటం వరసలో ఉన్నాయి. జూన్‌లో ఈ పిల్లవాడు మూడు వాక్యాల దగ్గర ఆగాడని గుర్తుంచుకుని దీన్ని చదవాలి.

దీర్ఘాలు మాత్రం కుదరలేదు. 'మెము' (మేము), 'చేట్టు' (చెట్టు), 'తెలు' (తేలు) ఇంకా వస్తూనే ఉన్నాయి. ముఖ్యంగా ఎత్వం, ఏత్వం తేడా. ఒత్తుల మీద పెట్టినంత కాలం దీని మీద పెట్టలేదు, ఈ ఏడాది పెడుతున్నాం. సాగిన చోట చెయ్యి చాచడం, ఆగిన చోట చప్పట్లు, రెండూ కలిపి ఆడిస్తున్నాం.

మూడో తరగతిలో ఒక పిల్లవాడు ఇవన్నీ చేసినా కదల్లేదు. బోర్డు మీంచి రాసేటప్పుడే ఎక్కువ తప్పులు రావడం చూసి కళ్ళు పరీక్ష చేయించమన్నాం. అద్దాలు కావాలని తేలింది. రాత రాని పిల్లవాడికి ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. అవి బాగుండి కూడా అక్షరాలు తిరగబడుతుంటే, కలగాపులగం అవుతుంటే, మొద్దు అని ముద్ర వేయకుండా ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం టీచర్లతో మాట్లాడాలి.

పరీక్షల సంగతి అందరూ అడుగుతారు. మన వాచకాల్లో స్వీయరచన, సృజనాత్మకత అభ్యాసాలు ఎప్పటినుంచో ఉన్నాయి. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకు అర్థం చేసుకుని చదవడం, రాయడం రావాలనే అంటోంది. కాబట్టి ఇది సిలబస్‌కి బయట పని కాదు. పీరియడ్‌లో చూచిరాతకు పోయే సమయాన్ని ఇటు మళ్ళించడమే. పాఠం వెనక ప్రశ్నలకు కూడా ముందు నోటితో చెప్పించి తర్వాత రాయించాం. జవాబులు పొట్టిగా వచ్చాయి, గైడులో ఉన్నట్టు లేవు, మార్కులు తగ్గలేదు.

2020–21లో తెలుగు వాచకం కాక గణితం లాంటి మిగతా పాఠ్యపుస్తకాలు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషుతో వచ్చాయి. ఇంగ్లీషు రాతకూ ఇదే దారి పట్టాం. ముందు మాట్లాడటం, తర్వాత ఒకటి రెండు వాక్యాలు. తెలుగులో సొంతంగా రాయడం అలవాటైన పిల్లలు ఇంగ్లీషులో తప్పు రాయడానికి భయపడటం లేదు.

ఐదో తరగతి పిల్లలు హైస్కూలుకి వెళ్ళేటప్పుడు 'నా మాటల పుస్తకం' వాళ్ళతోనే ఇచ్చి పంపాం, అక్కడి తెలుగు టీచర్‌కి చూపించమని. ఈ జూన్ నుంచి ఒకటో తరగతికి కూడా పుస్తకం పెట్టాం. బొమ్మ వేస్తారు, అదేమిటో చెబుతారు, మా రెండో టీచర్ దాన్ని కింద రాస్తారు, పిల్లలు తమ పేరు రాసుకుంటారు. రెండో తరగతికి వచ్చేసరికి కింది వాక్యం వాళ్ళే రాయాలన్నది మేం పెట్టుకున్న పని.